నంబరు ఇచ్చిన చేతినే అడగాలి

మొన్న మా ఇంటి దగ్గర కొత్తగా తెరిచిన ల్యాబుకు రక్తం ఇవ్వడానికి వెళ్లాను. మోచేతి మడత మీద స్పిరిట్ దూది చల్లగా తగిలింది. ఆ ఘాటు వాసన ముక్కుకెక్కుతుండగానే పక్కన చిన్న ప్రింటరు కీచుమంటూ ఒక లేబుల్‌ను బయటికి తోసింది. అక్కడి అమ్మాయి దాన్ని చింపి గొట్టానికి అతికించబోతుంటే, "ఆగమ్మా, దాని మీద పేరు ఒకసారి చదువు" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "కంప్యూటర్ నుంచే వస్తది మేడం, తప్పు రాదు" అంది. కంప్యూటర్ నుంచి వస్తోంది కాబట్టే అడుగుతున్నానని నేను చెప్పలేదు. ఆమె విసుగ్గా చదివింది. నా పేరే. ఇంటికి వచ్చే దారంతా ఆ స్పిరిట్ వాసన నన్ను వదల్లేదు, దానితోపాటు యశోద మేడం కూడా.

యశోద మేడం పేరు మీరెవరూ విని ఉండరు. సిద్దిపేటలో గుండీలు, చీర ఫాల్సులు అమ్మే ఒక దుకాణం పైన, రెండు గదుల్లో ఆమె సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేది. ఆఫీసంటే నాలుగు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, ముగ్గురు మనుషులం: మేడం, నవీన్ అనే నా తోటివాడు, నేను. అంతకుముందు ఆమె చాలా ఏళ్లు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసింది. నలభై దాటాక, కొడుకు చదివి పక్కన పడేసిన పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరికే పోనివ్వకుండా ఉద్యోగం మానేసి చిన్న చిన్న దవాఖానలకు, ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. లావుపాటి కళ్లద్దాలు, నూలు చీర, నడుముకు దోపిన కొంగు. మనిషి పొట్టి. గొంతు మాత్రం పెద్దది. ఆమె మమ్మల్ని కోప్పడుతుంటే కింద దుకాణంలో గుండీలు బేరమాడేవాళ్లు ఆగి వినేవాళ్లు.

నేను ఇంజినీరింగు ముగించి, హైదరాబాదులో నాలుగు చోట్ల కాదనిపించుకుని, చివరికి ఆమె ముందు కూర్చున్నాను. నా సర్టిఫికెట్లు ఆమె తిరగేయనే లేదు. "మీ బాపు ఏం జేస్తడు?" అని అడిగింది. వ్యవసాయమన్నాను. ఏం పంట వేశారని అడిగితే నీళ్లు నమిలాను. మా బాపు తాళ్లెక్కుతాడు, కల్లు గీస్తాడు. నాలుగు చోట్లా ఆ మాట దాచిపెట్టే వచ్చాను, ఇక్కడ మాత్రం దొరికిపోయాను. మేడం నవ్వలేదు. ఒక తెల్ల కాయితం నా ముందుకు తోసింది. "గది చెప్పనీకి సిగ్గేంది? పొద్దుగాల లేసినకాడికెల్లి మీ బాపు ఏమేం జేస్తడో ఒక్కొక్కటి రాయి. ఒక్కటి గూడ ఇడిచిపెట్టొద్దు" అంది. ఒక గంట కూర్చుని రెండు వైపులా నింపాను. ఆమె వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. "చెట్టు కాడికి పోతడు, ఎక్కుతడు అని రాసినవ్. మోకు గట్టిగున్నదో లేదో చూసుకోడా?" నడుముకూ చెట్టుకూ చుట్టుకునే ఆ తాడును చూసుకునే ఎక్కుతాడన్నాను. "మరి రాయాలె గద బిడ్డా. మనిషి కింద పడేది గాడనే" అంది. మరునాటి నుంచి పనిలోకి రమ్మంది. నాకు తెలిసి ప్రోగ్రాము రాయడం గురించి నేను విన్న మొదటి పాఠం అదే, కాలేజీలో నాలుగేళ్లు చదివినా.

ఆమె పని నేర్పే పద్ధతిని మరెక్కడా చూడలేదు. ఏ ప్రోగ్రామైనా కంప్యూటర్‌లో నడిపించే ముందు మేం ముగ్గురం దాన్ని మనుషులుగా నడిపించి చూడాలి. దానికి ఆమె పెట్టిన పేరు చిట్టీల ఆట. ఒకరు కౌంటరు, ఒకరు ప్రింటరు, మేడం ఎప్పుడూ డేటాబేసు. కుర్చీలు దూరదూరంగా వేసుకుని, చెప్పదలచుకున్నది చిట్టీ మీద రాసి అందించుకోవాలి. చిట్టీలో లేని మాట నోటితో అనకూడదు. నేను అలవాటు కొద్దీ, "మేడం, ఆ పేషెంటే, ఇందాకటి ఆమె" అంటే, "ఇందాకటి ఆమె ఎవ్వలు? నేను డేటాబేసును, నాకు కండ్లు లెవ్వు. చిట్టీల ఉన్నదే నాకు తెలుసు" అని మొహం అటు తిప్పుకునేది. నవీన్ కిసుక్కున నవ్వితే, "ప్రింటరు నవ్వుతదా?" అని వాణ్ణి కసిరేది. మొదట్లో చిన్నపిల్లల ఆటలా ఉందని లోపల్లోపల విసుక్కునేదాన్ని. పది రోజులకే ఆ ఆట లేకుండా ప్రోగ్రాము రాయడానికి చెయ్యి రాకుండా పోయింది.

ఆ రోజుల్లోనే సిద్దిపేటలోని ఒక ల్యాబుకు రిజిస్ట్రేషన్ పని నా చేతికి వచ్చింది. ఆ ల్యాబు పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదు. పని చిన్నదే. కౌంటర్‌లో పేషెంటు పేరు, వయసు, ఊరు కొట్టగానే డేటాబేసులో ఒక కొత్త వరుస చేరుతుంది. ఆ వరుసకు నంబరు మనం వేయం, డేటాబేసు తనంతట తానే వేసుకుంటుంది. ఆ నంబరే లేబుల్ మీద అచ్చు కావాలి, లేబుల్ రక్తం గొట్టానికి అతకాలి, పరీక్ష ఫలితం ఆ నంబరు కిందికే పోయి చేరాలి. మరి డేటాబేసు ఏ నంబరు వేసిందో నా ప్రోగ్రాముకు ఎలా తెలియాలి? నాకో ఉపాయం తట్టింది. పేషెంటును చేర్చిన వెంటనే, "అన్నిటికన్నా పెద్ద నంబరు ఎంత?" అని డేటాబేసును అడగడం. ఇప్పుడే చేర్చాను కాబట్టి పెద్దది నాదే కదా! ఒక్క వరుసలో రాసేసి మురిసిపోయాను. చిట్టీల ఆట ఆడాం. నేను కౌంటరు, నవీన్ ప్రింటరు. పదిసార్లు ఆడినా ఒక్కసారీ తప్పు రాలేదు. "మంచిగ రాసినవ్" అంది మేడం. ఆమె నోట ఆ మాట అరుదు. ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

మూడు నెలలు అంతా బాగానే నడిచింది. వానలు పడి జ్వరాలు ముదిరాక ల్యాబు ముందు జనం పెరిగారు. వాళ్లు రెండో కౌంటరు తెరిచి, రెండో కంప్యూటరు పెట్టుకున్నారు. మాకు చెప్పనైనా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. వారం తిరక్కముందే ల్యాబు ఆయన మేడంకు ఫోన్ చేశాడు. గజ్వేల్ దిక్కు ములుగు నుంచి మల్లయ్య అనే తోటమాలి వచ్చి జ్వరానికి పరీక్ష చేయించుకున్నాడట. రిపోర్టులో రక్తం, అంటే హిమోగ్లోబిన్, ఐదున్నరే ఉందని వచ్చింది. అది చూసి డాక్టరు, "ఇంత తక్కువుంటే నువ్వు నడిచెట్ల వచ్చినవయ్యా?" అని మళ్లీ పరీక్ష చేయిస్తే పద్నాలుగు ఉంది. "మా మిషన్ మంచిగనే ఉన్నది మేడం. జర మీ లేబుళ్ల సంగతి చూడున్రి" అన్నాడు ల్యాబు ఆయన.

మేడం ఫోన్ పెట్టేసి కుర్చీలు వేయమంది. ఈసారి నవీన్‌ను కూడా కౌంటరు చేసింది. ఇద్దరం ఒకేసారి చిట్టీలు అందించాం. ఆమె నా చిట్టీ మీద ఎనిమిది వందల నలభై ఒకటి అని, నవీన్ చిట్టీ మీద మల్లయ్య రిపోర్టు నంబరైన నలభై రెండు అని వేసి, రెండూ తన ఒళ్లోనే పెట్టుకుంది. "అడుగున్రి" అంది. పెద్ద నంబరెంతని నేనడిగాను. నలభై రెండు. నవీన్ అడిగాడు. నలభై రెండు. ఇద్దరి లేబుళ్ల మీదా ఒకే నంబరు. మేడం ఒళ్లోంచి నా చిట్టీని పైకి తీసి, "మరి గీ నలభై ఒకటి ఏమాయె?" అంది. రెండు గొట్టాలకూ ఒకే నంబరు అతికింది. మిషన్ రెండోసారి వచ్చిన రక్తాన్ని మొదటిదాని మీద రాసేసింది. అంటే మల్లయ్య పేరు కింద ఉన్న ఐదున్నర మరెవరిదో. ఆ మరెవరో మనిషికి తన ఒంట్లో రక్తం లేదన్న సంగతే తెలియదు.

నలభై ఒకటో వరుస తెరిచాం. రేణుక, ఇరవై రెండేళ్లు, గర్భవతి, ఏడో నెల, ఊరు వేములఘాట్. ఫలితం ఉండాల్సిన చోట, అది ఖాళీగా ఉంటే చూపించమని నేను రాసిపెట్టిన మాటే కనిపించింది: "నమూనా ఇవ్వలేదు." మేడం కౌంటర్ అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ పిల్లకు రేణుక బాగానే గుర్తుంది. "రిపోర్టు కోసం వచ్చింది మేడం. రక్తం ఇచ్చిన, ఇచ్చిన అని మస్తు లొల్లి పెట్టింది. కంప్యూటర్ల లేదు, ఇయ్యలేదని చూపిస్తుంది, ఎట్ల ఇస్తం? పంపించేసినం." అది జరిగి మూడు రోజులైంది. రేణుక రాయించిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. డాక్టరు చీటీ ఆమె వెంటే పోయింది. మిగిలింది ఊరి పేరొక్కటే. మాదీ తొగుట దిక్కే కాబట్టి ఆ ఊరి సంగతి నాకు తెలుసు. "వేములఘాట్ ఇప్పుడు లేదు మేడం. మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్లల్ల పోయింది. ఆళ్లందరు గజ్వేల్ కాడి కాలనీల ఉంటున్నరు" అన్నాను. మేడం అప్పటికే చెప్పులేసుకుంటోంది.

బస్సులో ఆమె నన్ను తిట్టనైనా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దుద్దెడ దాటేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో నా మొహం గట్టిగా, కాస్త మోటుగానే తుడిచింది. "ఏడుపు తర్వాత. ముందు గిది చెప్పు. మీ బాపు తాళ్లకు నంబర్లు ఎవ్వలేస్తరు?" అంది. ఆబ్కారీ వాళ్లన్నాను. "ఏసేటప్పుడు మీ బాపు ఏడుంటడు?" చెట్టు దగ్గరే నిలబడి ఉంటాడన్నాను. వేసిన నంబరు అక్కడికక్కడే చూసుకుని, పైకి చదివి, గుర్తు పెట్టుకుంటాడు. "ఇంటికొచ్చినంక ఊర్ల ఆఖరి నంబరు ఎంతని అడిగి, గదే నా చెట్టు అనుకుంటడా?" ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు. అలా అడిగితే ఇంకొకరి చెట్టు ఎక్కుతాడు, తలలు పగులుతాయి. "మరి నువ్వు చేసిందేంది? నంబరు ఇచ్చిన చేతినే అడగాలె. మనిషిని చేర్చిన మాటతోనే, నాకేం నంబరిచ్చినవ్ అని అడిగి, ఆ చేతికెల్లే తీసుకోవాలె. మధ్యల ఇంకోడు దూరనీకి సందు ఇయ్యొద్దు. డేటాబేసుకు గట్ల చెప్పనీకి వస్తది. నువ్వు ఎతకలే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. తరవాత మెల్లగా అంది: "నువ్వొక్కదానివే కాదు. ఆటల రెండో కౌంటరు పెట్టాలని నాకూ తట్టలే. మనం ముగ్గురమే ఉంటిమి, లోకం గూడ ముగ్గురే అనుకున్న." ఆ ఆట అంటే ఆమెకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. దానిలోని లోపాన్ని నా ముందు ఒప్పుకోవడం ఆమెకు తేలిక కాదు. ఆ బస్సులోనే నాకు ఆమె మీద భయంతో కూడిన గౌరవం పోయి, దాని చోట ప్రేమ వచ్చి కూర్చుంది.

ప్రజ్ఞాపూర్‌లో దిగి ఆటో ఎక్కి కాలనీకి వెళ్లాం. అన్నీ ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి సందులు. మనుషులు మాత్రం ఇంకా పాత ఊరి లెక్కలోనే ఉన్నారు. నల్లా దగ్గర ఒకామెను రేణుక ఇల్లెక్కడని అడిగితే, "ఎవ్వల కోడలు? ఏ వాడ? మా దగ్గర ముగ్గురు రేణుకలున్నరు" అంది. ఏడో నెల అని చెప్పాక, "అట్ల చెప్పున్రి, బీడీల నర్సవ్వ కోడలు" అని వెంట వచ్చి మరీ చూపించింది.

నర్సవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కోడలు గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. లేచి నిలబడటానికే ఆయాసపడింది. మేం ల్యాబు మాట ఎత్తగానే ఆమె మొహం గంటు పెట్టుకుంది. "మల్ల ఎందుకొచ్చిన్రు? మల్ల పొడిచి, మల్ల ఇయ్యలేదంటరా?" అంది. మేడం నా వైపు తిరిగి, "చెప్పు" అంది. దారిలో నేను అనుకున్నది వేరు. మేడమే మాట్లాడుతుంది, సిస్టంలో ఏదో చిక్కు వచ్చిందని చెబుతుంది, నేను వెనక నిలబడతాను. ఆమె పక్కకు జరిగి నన్ను ముందుకు నిలబెట్టింది. "రేణుకా, నువ్వు రక్తమిచ్చినవ్. నువ్వు చెప్పిందే నిజం. నేను రాసిన ప్రోగ్రాంల తప్పున్నది. నీ రక్తం ఇంకొకాయన పేరు మీదికి పోయింది. నీ ఒంట్ల రక్తం మస్తు తక్కువున్నది, ఇప్పుడే దవాఖానకు పోవాలె" అన్నాను. రేణుక నా మాటలో సగమే విన్నట్టుంది. దవాఖాన మాట పట్టించుకోకుండా అత్త వైపు తిరిగింది. "విన్నవా అత్తమ్మా? నేను అబద్ధమాడలే" అంది. నర్సవ్వ చేతిలో బీడీ ఆగిపోయింది. "సూదికి భయపడి తప్పించుకొచ్చిందనుకుంటిమమ్మా. మూడు రోజులసంది అందరం తలో మాట అంటనే ఉన్నం" అని ఆమె చాట పక్కన పెట్టి కోడలి తల నిమిరింది.

గజ్వేల్ దవాఖానలో మళ్లీ పరీక్ష చేస్తే ఐదున్నర కన్నా కాస్త తక్కువే వచ్చింది. ఇంకో వారం ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకూ గండమేనని డాక్టరమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నమే రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. రెండు నెలల తరవాత రేణుకకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. కానీ ఆ రోజు అదంతా ఇంకా తెలియదు. మేం బయలుదేరుతుంటే రేణుక మంచం మీది నుంచి నన్ను పిలిచింది. కోపమంతా వెళ్లగక్కుతుందేమోనని భయపడుతూ దగ్గరికి వెళ్లాను. "అక్కా, ఆ కౌంటర్ కాడి పిల్లకు గూడ చెప్పు, నేను ఇచ్చిన్నని. అందరి ముందట నన్ను లైన్ల నుంచి పక్కకు జరిపింది" అంది. చెబుతానన్నాను.

మరునాడు పొద్దున్నే నేను కంప్యూటర్ ముందు కూర్చోబోతుంటే మేడం కుర్చీ వెనక్కి లాగింది. నవీన్ రాత్రే ల్యాబు వాళ్లకు చెప్పి రెండో కౌంటరు మూయించాడు, మరో తప్పు జరగదు. "ప్రోగ్రాం తర్వాత. మాటిచ్చినవ్ గద, ముందుగాల గది" అని నన్ను ల్యాబుకు తీసుకుపోయింది. కౌంటర్ అమ్మాయికి జరిగింది చెప్పాను. తప్పు నీది కాదు, నాదని కూడా చెప్పాను. ఆ పిల్ల చేతిలో పని పక్కన పెట్టింది. "ఆమె చెయ్యి చూపించింది మేడం. సూది పొడిచిన జాగల కమిలిపోయి ఉండె. నేను చూసిన. చూసి గూడ, కంప్యూటర్‌నే నమ్మిన" అంది.

ఆఫీసుకు తిరిగొచ్చి ప్రోగ్రాము మార్చాను. పేషెంటును చేర్చే మాటే నంబరును కూడా తెచ్చి చేతిలో పెట్టేటట్టు, ఏ కారణం చేతనైనా ఆ నంబరు చేతికి రాకపోతే లేబుల్ అసలు అచ్చు కాకుండా రాశాను. పాత వరుసలన్నీ వెతికి, అలా జంటలైన నంబర్లు ఇంకేమీ లేవని రూఢి చేసుకునేసరికి రెండు రోజులు పట్టింది. ఆ తరవాత చిట్టీల ఆటకు మేడం కింది దుకాణం ఆమెను కూడా పిలిచేది, రెండో కౌంటరుగా. ఆమె చిట్టీలతోపాటు కబుర్లు కూడా అందించేది, మేడం డేటాబేసు హోదా మరిచి వాటికి జవాబులు చెప్పేది. ఇప్పుడు మేడం ఆఫీసు నడపడం లేదు, మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదు. ఫోన్ చేస్తే, "ఏం రాస్తున్నవ్, చెప్పు, నేను డేటాబేసును" అని మొదలుపెడుతుంది. ఫోన్‌లోనే ఆడుతాం.

ప్రోగ్రాము మార్చిన ఆ రోజు, నేను అంతా సరిచేశాననుకుని లేవబోతే ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టింది. "నమూనా ఇవ్వలేదు" అన్న నా మాట అక్కడే ఉంది. "ఇయ్యలేదని నీకెట్ల తెలుసు? నువ్వు చూసినవా?" అంది. నేను దాన్ని చెరిపి, "మాకు దొరకలేదు, పేషెంటును అడగండి" అని రాశాను. ఆమె రెండుసార్లు చదివి తలూపింది. నేనిప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాను. ఎక్కడ ఎవరి పేరు పక్కన "లేదు" అన్న మాట కనిపించినా లేచి వెళ్లి ఆ మనిషితో మాట్లాడి వస్తాను. చాదస్తమని తోటివాళ్లు నవ్వుకుంటారు. రేణుక నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆ సిగ్గు ఇంకా నాలో అలాగే ఉంది, యశోద మేడం మీది ప్రేమ కూడా దాని పక్కనే ఉంది. ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని మాత్రమే ఉంచుకోవడం నాకు చేతకాదు, అలా ఉంచుకోవాలనీ లేదు.